మహలలేలు అనే పేరు ఖాళీగా లేదు

కిస్లేవ్ 3, మంగళవారం

కొడుకు పుట్టాడు.

ఈ వాక్యం బాగుంది. ఇంకోసారి రాస్తాను. కొడుకు పుట్టాడు.

ప్రాచీన భాషల్లో పట్టా పుచ్చుకుని, థీసిస్ మొదటి అధ్యాయంలోనే కాపురం పెట్టేసిన ఎవ్యతార్ అనే నేను జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తి చేశాను. పూర్తి చేసింది తనేననీ, ఆ సమయంలో నేను వరండాలో కాఫీ యంత్రంతో తగువు పడుతున్నాననీ నా భార్య నోగా వాదన. పండితుల్లో భేదాభిప్రాయాలు సహజం.

వాడు ఎర్రగా, ముడతలు ముడతలుగా, మధ్యాహ్నం కునుకు చెడిపోయిన న్యాయమూర్తిలా ఉన్నాడు. నన్ను చూసి ఆవలించాడు. ఇంత తొందరగా నన్ను అర్థం చేసుకున్నవాళ్లు లేరు.

మొదటి ఫోను నాన్నకి. బజారులో ఆలివ్‌ల కొట్లో ఉన్నాడు. చుట్టూ గోల.

“నాన్నా, మగపిల్లాడు!”

అవతల ఏదో డబ్బా పడిన మోత. తర్వాత వెక్కిళ్లు. టమాటాలని, ప్రభుత్వాన్ని, వానని, వాన రాకపోవడాన్ని, అమ్మ చేసే కుబ్బె అనే మాంసం కుడుముల్ని, దేన్నీ ఇంతవరకు ఒక్క మంచి మాట అనని మా నాన్న ఏడుస్తున్నాడు.

“ఐనీ… నా కన్నా… మరి పేరు…”

“ఇంకెవరి పేరు నాన్నా? నీదే!”

ఇందులో తప్పేముంది? మా బాగ్దాదు యూదుల పద్ధతే అది. కొడుకు తొలి కొడుక్కి తాత పేరు. అదీ తాత బతికుండగానే, వినడానికి చెవులు పనిచేస్తుండగానే. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నన్ను కని ఇన్నేళ్లు భరించింది ఆయన ఈ ఒక్క కూలి కోసమే.

రెండో సంఘటన లిఫ్టులో. మా అత్తయ్య, నోగా తల్లి బ్లూమా, కోడి సూప్ ఉన్న ఫ్లాస్కుని తోరా గ్రంథపు చుట్టలా గుండెకి హత్తుకుని ఎక్కింది. కళ్లు వాచి ఉన్నాయి.

“బాబూ, ఆయన ఉండుంటే…”

“ఉన్నట్టే అత్తయ్యా. పేరు పెట్టేది మామయ్యదే కదా!”

నా నోరు అంది. నేను కాదు. లిఫ్టులో గాలి ఆడదు, అక్కడ అన్న మాటలు చెల్లవని ఎక్కడో చదివాను.

ఆవిడ ఫ్లాస్కుతో సహా నన్ను వాటేసుకుంది. చొక్కా మీద సూప్ మరక ఇంకా ఉంది.

అత్తయ్యవాళ్లు పోలండు నుంచి వచ్చిన యూదులు; వాళ్ల పద్ధతి మాకు పూర్తిగా తలకిందులు. పోయినవాళ్ల పేరే పెడతారు. బతికున్నవాడి పేరు పెట్టడమంటే మృత్యుదూతకి కబురు పెట్టి కుర్చీ వెయ్యడమే.

ఏమీ ఫరవాలేదు. సున్నతి రోజు దాకా బిడ్డ పేరు పైకి అనకూడదని రెండు వైపులా పట్టింపే. అంటే ఎనిమిదో రోజు దాకా ఇద్దరూ నన్ను అడగరు, నేను చెప్పక్కర్లేదు. అప్పటికి ఏదో ఒకటి అవుతుంది. ఎర్రసముద్రం కూడా ముందుగా చెప్పి చీలలేదు.

అదే రోజు, సాయంత్రం

ఇంకోసారి వెళ్లి చూసొచ్చాను. ఒక్కడే ఉన్నాడు.

కిస్లేవ్ 4, బుధవారం

ఇవాళ నా చదువుని ఇంటి అవసరానికి వాడాను. విశ్వవిద్యాలయం చరిత్రలో ఇది మొదటిసారి కావచ్చు.

మహలలేలు. ఆదికాండం అయిదో అధ్యాయం. కేయినాను కొడుకు, యెరెదు తండ్రి. అర్థం: దేవునికి స్తుతి. ప్రాముఖ్యం: లేదు. ఎనిమిది వందల తొంభై అయిదేళ్లు బతికితే ఆయన గురించి రాసింది ఇంతే: పుట్టాడు, కన్నాడు, చచ్చిపోయాడు. ఓడ కట్టలేదు. ఎవరితోనూ పోట్లాడలేదు. ఆయన మనవడు హనోకు దేవుడితో నడిచాడు, హనోకు కొడుకు మెతూషెల ఆయుష్షులో రికార్డు కొట్టాడు. ఈయన మాత్రం రెండు పెద్ద పేర్ల వెనకాల, పెళ్లి ఫోటోలో చివరి వరస మామయ్యలా, సగం చెవి మాత్రం కనిపించేలా నిలబడ్డాడు.

అలాంటి పేరు మా నాన్న మోస్తున్నాడు. “దేవునికి స్తుతి” అని పేరు పెట్టుకుని, నిన్న అద్దం వెనక మనవణ్ణి మొదటిసారి చూసి ఆయన అన్న మాట: “చెవులు మీ అత్తగారి వైపు పోయాయి. అవి పెరుగుతాయి, చూస్కో.”

చిన్నప్పుడు బడిలో నన్ను “ఎనిమిది వందల తొంభై అయిదు కొడకా” అని పిలిచేవాళ్లు. నేను వాళ్లని ఏమని పిలిచేవాణ్ణో ఇక్కడ రాయను. రేపు నా కొడుకు చదవొచ్చు.

ఇంకొక పరిశోధన. అత్తయ్యవాళ్ల రూలు ఆ అధ్యాయానికి వర్తింపజేసి చూశాను. ఆదాము తొమ్మిది వందల ముప్పై ఏళ్లు బతికాడు. మహలలేలు పుట్టేనాటికి తండ్రి, తాత, ముత్తాత, ఆపైవాడు, అందరూ నిక్షేపంలా ఉన్నారు. లోకంలో పోయినవాడు హేబెలు ఒక్కడే. అంటే పోలండు పద్ధతి ప్రకారం అప్పుడు పుట్టిన ప్రతి మగపిల్లాడికీ హేబెలు అనే పేరే పెట్టాలి. “హేబెలూ, భోజనానికి రా” అంటే ఊరంతా వచ్చేది.

ఈ వాదన అత్తయ్య ముందు పెడితే గెలుస్తాను. రేపు పెడతాను.

కిస్లేవ్ 5, గురువారం

పెట్టలేదు. ఆవిడ డైపర్ మారుస్తోంది. అలాంటప్పుడు శాస్త్రచర్చ మర్యాద కాదు.

నాన్నకి చెబుదామని బజారుకి వెళ్లాను. నన్ను చూడగానే పక్క కొట్టు చేపలవాడికి వినపడేలా, “వీడే తండ్రి! మంగళవారం రా, ఒక పేరు వింటావ్!” అన్నాడు. నాకు రెండు గుప్పిళ్లు ఆలివ్‌లు ఊరికే పెట్టాడు. మా నాన్న. ఊరికే.

రేపు చెప్తాను.

కిస్లేవ్ 6, శుక్రవారం

నేను చాలా ప్రశాంతంగా ఉన్నాను.

కిస్లేవ్ 8, ఆదివారం, ఉదయం

సబ్బాతున రాయకూడదు కనక ఇదంతా ఇంతవరకు కడుపులో పెట్టుకున్నాను. సెనగలతో పాటు.

మగపిల్లాడు పుడితే మొదటి శుక్రవారం సాయంత్రం పోలండు వాళ్లు ఇంటికి పిలిచి ఉడికించిన సెనగలు, బీరు పెడతారు. అత్తయ్య ఇల్లు మాకు నడిచే దూరమే. అమ్మా నాన్నా వచ్చారు. నాన్న ఒక సెనగ నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

“ఇందులో వెయ్యాల్సిన ఉప్పు ఐగుప్తులో మర్చిపోయి వచ్చారా, చెల్లెమ్మా?”

“మీ గుండె కోసమే వెయ్యలేదు అన్నయ్యగారూ. పోయిన చలికాలం డాక్టరు ఏమన్నాడో మీరు మర్చిపోయారు, నేను మర్చిపోలేదు.”

“నా గుండె మీద నాకు లేని బెంగ మీకెందుకు?”

“మీకు లేదు కాబట్టే. ఒకరైనా పడాలి కదా.”

నాన్న ఇంకో గుప్పెడు తీసుకున్నాడు. బాగాలేని వాటిని ఆయన ఎక్కువే తింటాడు, పూర్తిగా తిట్టడానికి.

అప్పుడు పక్కింటాయన గ్లాసెత్తి, “ఇంతకీ బాబు పేరేంటో!” అన్నాడు. ఆయన్ని ఎవరు పిలిచారో తెలీదు.

“మంగళవారం తెలుస్తుంది” అన్నాడు నాన్న, మీసం దువ్వుకుంటూ.

“అవునవును. మంగళవారం అందరికీ తెలుస్తుంది” అంది అత్తయ్య, శాలువా సర్దుకుంటూ.

ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసి, పాపం ఎదుటివాళ్లకి ఇంకా తెలీదు కదా అని జాలిగా నవ్వుకున్నారు. తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు. నా సెనగ దారి తప్పింది. పక్కింటాయన వీపు మీద గుద్దితే గానీ ఊపిరి ఆడలేదు. ఆయన్ని పిలిచింది దేవుడే.

వంటింట్లో అమ్మ పట్టుకుంది.

“ఏం చేశావురా?”

“ఏం లేదమ్మా.”

“నీ చెవులు ఎర్రగా ఉన్నాయి.”

“చలి.”

“రెండూనా?”

అదే రోజు, మధ్యాహ్నం

దొరికిపోయాను.

నోగా పిల్లాడికి పాలిస్తూ, చాలా మెల్లగా మొదలుపెట్టింది. ఆమె గొంతు మెల్లగా ఉందంటే పైకప్పు గట్టిదేనా అని ఒకసారి చూసుకోవడం నాకు అలవాటు.

“మా అమ్మ ఫోన్ చేసి కన్ను కొట్టింది.”

“ఫోన్లో కన్నెలా కొడతారు?”

“మా అమ్మ కొట్టగలదు. తర్వాత మీ నాన్న చేశారు. నవ్వారు. ఎవ్యతార్, మీ నాన్న నవ్వారు! నాకు భయమేసింది. ఇప్పుడు చెప్పు. నా కడుపులోంచి వచ్చింది ఒక్కడేనని నాకు బాగా గుర్తు. రెండోవాణ్ణి ఎక్కడ దాచావ్?”

చెప్పాను. ఫోన్, లిఫ్టు, సూప్. హేబెలు వాదన కూడా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అంటే, పెదవి చివర కొంచెం.

“నువ్వు ఎవరి పేరైనా పెట్టుకో. బడిలో ఏడిపించేది వాణ్ణే గానీ, మీ ఎవ్వరికీ ఆ బెంగ లేదు, సరే. కానీ ఒక్క మాట. సున్నతి నాడు వాళ్లలో ఒకళ్లు లేచి వెళ్లిపోయారో, నేనూ పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి నడుస్తా. పేరు లేకుండానే వాణ్ణి మిలిటరీకి పంపిస్తా. సాయంత్రం ఇద్దర్నీ పిలు. నువ్వే చెప్పు.”

“నువ్వు కూడా పక్కనుంటావు కదా?”

“నేను బాలింతరాలిని. పక్కగదిలో నిద్రపోతూ ఉంటాను. తలుపు తీసి.”

అదే రోజు, దీపాలు పెట్టాక

జరిగింది జరిగినట్టు రాస్తాను. 

నాన్న సోఫాకి ఆ చివర, అత్తయ్య ఈ చివర. మధ్యలో ఉయ్యాలబుట్టలో విషయం నిద్రపోతోంది. నేను నిలబడి గొంతు సవరించుకుని, “మనిషి బలహీనుడు” అని మొదలుపెట్టాను.

“అసలు సంగతికి రా” అన్నాడు నాన్న.

వచ్చాను. చెప్పి కూర్చోబోతే కుర్చీ లేదు.

నాన్న నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత: “బజారులో ఒకే డబ్బా ఇద్దరికి అమ్మినవాణ్ణి ఏమంటారో తెలుసా?”

“తెలుసు నాన్నా.”

“అనమంటావా?”

“అత్తయ్య ఉంది.”

“నన్ను చూసి ఆగక్కర్లేదు, అనండి” అంది అత్తయ్య.

ఆ తర్వాత ఇద్దరూ నన్ను వదిలేసి ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు. నాన్న పెద్దల పద్ధతి అన్నాడు. తన అన్న కొడుక్కి షౌల్ అని తాత పేరు పెడితే, ఆ పిలుపు విని తమ తండ్రి ఎంత మురిసేవాడో చెప్పాడు. అత్తయ్య తనకి ఉన్నది ఒక్క కూతురే అంది, ఒక మనిషి ఇంత కాలం బతికి వెళ్తే ఆ పేరుతో నేల మీద ఎవరో ఒకరు తిరగొద్దా అంది. నేను హేబెలు వాదన ఎత్తాను. ఇద్దరూ ఒకేసారి “నోర్ముయ్” అన్నారు. రెండు కుటుంబాలూ మొట్టమొదట ఏకమైన క్షణం అది.

“మీకు ప్రమాదం అన్నయ్యగారూ. నేను ఊరికే మొండికెయ్యడం లేదు” అంది అత్తయ్య.

“ఆ గుండె నాది. వస్తే రానీండి ఆ దూతని. కొట్లో కూర్చోబెట్టి పచ్చిమిరపకాయ పచ్చడి తినిపిస్తా. మళ్లీ ఈ వైపు చూడడు.”

“మీ కోసం వస్తే సరే. వాడు పేరు రాసిన చీటీతో వస్తాడు. ఒకే ఇంట్లో ఇద్దరు మహలలేళ్లు. గుమ్మంలో నిలబడి చీటీ చదువుకుంటాడు. ముందు ఉయ్యాల కనిపిస్తుంది.”

నాన్న ఉయ్యాల వైపు తిరిగాడు. 

 వంగి బుట్టలోకి చూశాడు. వాడు పిడికిలి బుగ్గకి ఆనించి, ప్రపంచం మీద ఏ అభ్యంతరమూ లేనట్టు పడుకుని ఉన్నాడు.

“నేను ఇవన్నీ నమ్మను” అన్నాడు చివరికి. “కానీ నమ్మకపోవడం మీద మనవణ్ణి పందెం కాయలేను. మీ ఆయన పేరే పెట్టుకోండి, చెల్లెమ్మా.”

టోపీ తీసుకుని లేచాడు. గెలిచింది కదా, అత్తయ్య సంతోషించాలి. ఆవిడ నాన్న మొహం చూసింది. నేనూ చూశాను. ఆ మొహం గురించి రాయను.

“కూర్చోండి” అంది అత్తయ్య.

“ఎందుకు?”

“టీ తాగలేదు. కూర్చోండి. అసలు అంత పొడుగు పేరు మీకెవరు పెట్టారు? బాగ్దాదులో కూడా ఎవరూ పెట్టుకోరు.”

ఊరికే, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగింది. నాన్న కూడా ఊరికే, ఏదో ఒకటి చెప్పాలని చెప్పాడు. అది నాకే తెలీదు.

మొదట ఆయన పేరు సాసోన్ అట. ఈ దేశానికి వచ్చిన కొత్తలో, వలస వచ్చినవాళ్ల గుడారాల్లో, మూడేళ్ల వయసులో జ్వరం తగులుకుంది. డాక్టరు చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. అప్పుడు మా నాయనమ్మ రబ్బీ దగ్గరికి పరిగెత్తింది. ఆయన గ్రంథం మూసి, తెరిచి, కళ్లు మూసుకుని వేలు పెట్టాడు. వేలు పడింది మహలలేలు మీద. గుడారం ముందు నిలబడి పదిమంది మగవాళ్ల సాక్షిగా చాటించారు: సాసోన్ అనేవాడు ఇక్కడ లేడు, ఇక్కడున్నది మహలలేలు. దూత వచ్చాడు, చీటీ చూసుకున్నాడు, తిరిగి వెళ్లాడు. తెల్లారేసరికి జ్వరం దిగింది.

“మా అమ్మమ్మకీ అలాగే మార్చారు” అంది అత్తయ్య నెమ్మదిగా. “మా వైపూ ఉంది.”

“అయితే ఏముంది నాన్నా, ఇంకోసారి మార్చేసుకో. పాతది వాడికి ఇచ్చెయ్యి” అన్నాను.

జోకుగానే అన్నాను. ఈ డైరీ సాక్షి. బిగుసుకున్న గదిలో నా నోరు ఎప్పుడూ చేసే పనే చేసింది. ఎవరూ నవ్వలేదు. ఇద్దరూ తలలు తిప్పి, గాడిద మాట్లాడితే చూసినట్టు నన్ను చూశారు.

“అది చెల్లుతుంది” అంది అత్తయ్య.

“చెల్లుతుందా?”

“నిజంగా వదిలేస్తే. తోరా ముందు, పదిమంది ఎదుట. ఉత్తుత్తికి కాదు. అప్పుడు ఆ పేరు ఖాళీ. మళ్లీ ఎవరూ మిమ్మల్ని అలా పిలవకూడదు, మీరు పలకకూడదు.”

నాన్న మీసం పట్టుకున్నాడు. అరవై ఆరేళ్లుగా మోసిన పేరు. బడిలో ఏడిపించిన పేరు, కొట్టు బోర్డు మీది పేరు, అమ్మ పిలిచే పేరు. “సరే. సాసోన్‌గానే మారిపోతా మళ్లీ.”

“ఒయ్, ఒద్దు! ఆ పేరు వాడి దగ్గరుంది. ఒకసారి వచ్చి దొరక్క వెళ్లాడు. ఇన్నేళ్లుగా మనసులో పెట్టుకునుంటాడు.”

“మరి ఏ పేరూ లేకుండా తిరగనా? ‘ఓయ్’ అని పిలుస్తారా?”

అత్తయ్య టీ గ్లాసులోకి చూసింది. చక్కెర కలిపింది. ఇంకా కలిపింది. కరిగిపోయాక కూడా కలిపింది.

“వాడు లెక్క తేల్చేసిన పేరు ఒకటుంది. దాని కోసం ఇంక రాడు.”

నాన్న తల పైకెత్తాడు. “మీ ఆయన పేరా? గెట్సెలా?” ఉప్పులేని సెనగని నములుతున్నట్టు అన్నాడు. “గెట్సెల్! చెల్లెమ్మా, బజారులో నన్ను గెట్సెల్ అంటే ఆలివ్‌లు కూడా నవ్వుతాయి.”

“నవ్వనీండి. ఆయన చాలా మంచివాడు. నా చేపల కూరకి పేరు పెట్టేవాడు కాదు.”

“అంటే చాలా ఓపికస్తుడు.”

 అత్తయ్య నవ్వింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గ్లాసు, తర్వాత టీ ఆ పొడుగు గౌను మీద ఒలికింది. నాన్న తన రుమాలు తీసి ఇచ్చాడు. ఆవిడ దాంతో ముందు కళ్లు తుడుచుకుంది.

“సరే” అన్నాడు నాన్న. “వాడి కోసం.”

పక్కగదిలోంచి, నిద్రపోతున్న నోగా గొంతు: “అయిపోయిందా? ఇంక నేను పడుకోనా?”

“పడుకో తల్లీ” అంది అత్తయ్య. “రెండోవాడికి మాత్రం…”

“అమ్మా! రెండోవాడి మాటెత్తితే వీణ్ణి కూడా వెనక్కి పంపించేస్తా.”

కిస్లేవ్ 9, సోమవారం

సోమవారం కాబట్టి పొద్దున ప్రార్థనలో తోరా తెరుస్తారు. మా బాగ్దాదు వాళ్ల సమాజమందిరం. ఆడవాళ్ల తెర వెనక అత్తయ్య ఒక్కతే, కళ్లారా చూడ్డానికి కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుని వచ్చింది.

“పేరు మార్చేది జబ్బు చేసినవాళ్లకి. మీకేం జబ్బు?” అన్నాడు రబ్బీ.

“మనవడు.”

రబ్బీ ఆ జబ్బు తనకీ ఉందన్నట్టు తలూపాడు. కొత్త పేరు వినగానే మాత్రం కళ్లజోడు తీశాడు. “బాగ్దాదు మనిషికి గెట్సెలా? ఒంటెకి ఉన్నికోటు తొడిగినట్టు ఉంటుందే!”

“చలికాలం కదా, తొడగండి” అన్నాడు నాన్న.

తొడిగారు. ఆయన మొహంలో ఏమీ మారలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

అమ్మ మాట: “మహలలేలుని చేసుకుని ఇన్నేళ్లు కాపురం చేశాను. ఇప్పుడు ఎవడో పోలండువాణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టారు. సరేలే, వీడైనా నా కుబ్బె మెచ్చుకుంటాడేమో.”

మెచ్చుకోలేదట.

కిస్లేవ్ 10, మంగళవారం

మంగళవారం. తెలిసింది అందరికీ.

నాన్న పెద్ద కుర్చీలో కూర్చున్నాడు, ఒడిలో దిండు, దిండు మీద వాడు. బజారు సగం వచ్చింది. చేపలవాడు సూటు వేసుకొచ్చాడు, సూటుకి చేపలవాసన వేసుకొచ్చాడు. సున్నతి చేసే మోహెల్ చెయ్యి ఎంత చురుకంటే, నేను కళ్లు మూసుకుని తెరిచేలోగా అయిపోయింది. నేను కళ్లు కొంచెం ఎక్కువసేపే మూసుకున్నాననీ, గోడకి జారాననీ కొందరంటున్నారు. భేదాభిప్రాయాలు.

మోహెల్ ద్రాక్షారసం గిన్నె ఎత్తి నా వైపు చెవి వంచాడు. చెప్పాను.

“ఏంటీ?”

మళ్లీ చెప్పాను.

“ఇన్నేళ్లలో నా చేతి కింద ఈ పేరు పడలేదే” అని గొణిగి, గొంతెత్తి పాడాడు: “ఇశ్రాయేలులో ఇతని పేరు, ఎవ్యతార్ కుమారుడైన మహలలేలు…”

“ఆఁ, ఇక్కడే ఉన్నా!” అన్నాడు నాన్న.

హాలు హాలంతా పగలబడింది. చేపలవాడు కింద కూర్చుండిపోయాడు. నాన్న కూడా నవ్వబోయి ఆగాడు. అప్పుడు తెలిసినట్టుంది ఆయనకి. ఆ పేరు పిలవగా విని, తను పలకక్కర్లేకపోవడం ఇదే మొదలు. ఒడిలోకి వంగి, వాడి చెవికి మాత్రమే చెప్పినట్టు మెల్లగా అన్నాడు:

“పలుకు నాన్నా. నిన్నే.”

వాడు పలికాడు. చాలా గట్టిగా. తలుపు అవతలి గదిలోంచి నోగా పరిగెత్తుకొచ్చేంత గట్టిగా.

ఇంతకీ ఆ అయిదో అధ్యాయం మళ్లీ చూశాను. ప్రాముఖ్యం లేదని రాశాను కదా బుధవారం. ఆయన తండ్రి నుంచి తీసుకున్నాడు, కొడుక్కి ఇచ్చాడు. మధ్యలో ఎనిమిది వందల చిల్లర ఏళ్లు ఏదో చేసుకున్నాడు, అది ఎవరికీ పట్టలేదు. థీసిస్‌లో ఇలాంటి వాక్యం రాస్తే గైడు కొట్టేస్తాడు. ఇక్కడ ఉండనీ.

కిస్లేవ్ 12, గురువారం

నోగా వాణ్ణి “లేలూ” అంటోంది. అత్తయ్య “లేలుష్కా” అంటోంది. నాన్న మాత్రం మొత్తం పేరూ పిలుస్తాడు, ఒక్క అక్షరం వదలకుండా, వీధి చివర్నుంచే. వాడు నిద్రలేచి ఏడుస్తాడు. ఆయన చాలా తృప్తిగా లోపలికి వచ్చి, “చెవులు బానే పనిచేస్తున్నాయి” అంటాడు.

కిస్లేవ్ 15, ఆదివారం

నిన్న సబ్బాతు. యాకోబు తెల్లారేదాకా పెనుగులాడి కొత్త పేరు సంపాదించుకున్న భాగం చదివే వారం అది. రబ్బీ ఇంత మంచి అవకాశం వదులుకుంటాడా? నాన్నని తోరా దగ్గరికి పిలిచే వంతు పెట్టాడు. మొదటిసారి కొత్త పేరుతో. అమ్మ, అత్తయ్య, పిల్లాణ్ణి ఎత్తుకుని నోగా, అందరూ మేడ మీద ఆడవాళ్ల తెర వెనక ఉన్నారు.

వేదిక మీదినుంచి రాగం తీశాడు పిలిచేవాడు: “లేచి రావాలి, షౌల్ కుమారుడైన గెట్సెల్!”

ఎవరూ లేవలేదు.

నాన్న నా పక్కనే ఉన్నాడు. పుస్తకం పక్కన పెట్టి, ఎవరో ఆ గెట్సెల్ అని మెడ సాచి వెనక వరసల్లో వెతుకుతున్నాడు. పైగా నాతో, “ఎవడ్రా ఆ పోలండువాడు? పిలుస్తుంటే వినపడదా వాడికి? మర్యాద లేని మనిషి” అన్నాడు.

నేను చెప్పాలి. నోరు తెరిచాను. నవ్వు తప్ప ఏమీ రావడం లేదు. రెండోసారి పిలిచారు. చేపలవాడు ప్రార్థన శాలువా నోట్లో కుక్కుకున్నాడు. మూడోసారి పిలిచారు. నాన్న ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

అప్పుడు పైనుంచి, తెర వెనకనుంచి, సమాజమందిరం మొత్తం అదిరేలా మా అత్తయ్య గొంతు:

“గెట్సెల్! ఎంతసేపని పిలుస్తారు, లే!”

అన్నయ్యగారూ లేదు, అండీ లేదు. మామయ్య పోయాక ఆవిడ ఆ పేరుతో ఒక మనిషిని పిలవడం ఎవరూ వినలేదు. పొద్దున కాఫీ చల్లారిపోతోందని, బస్సు వెళ్లిపోతోందని, చుట్టాలు వచ్చి కూర్చున్నారని రోజూ పిలిచి పిలిచి అరిగిన గొంతు అది.

నవ్వులన్నీ ఆగిపోయాయి. నాన్న తెర వైపు చూశాడు. ఆయన ఏమంటాడోనని నేను భయపడ్డాను. మా నాన్న ఏదో ఒకటి అనకుండా ఉండడు.

లేచాడు. శాలువా భుజం మీదికి లాక్కున్నాడు. తెర వైపే చూస్తూ, ఇంట్లో భార్య కేకకి ఎప్పుడూ ఆలస్యంగానే కదిలే మొగుడిలా, కొంచెం విసుగ్గా, కొంచెం భయంగా అన్నాడు:

“వస్తున్నా, బ్లూమా. వస్తున్నా.”